జర్మన్ అక్యుజాటివ్: తెలుగులో ‘ని’ లేనిచోట జర్మన్‌లో ‘డేన్’ ఎందుకు వస్తోంది?

రాత్రి_డ్యూటీ (విశాఖపట్నం):

అందరికీ నమస్కారం. నేను నగరంలోని ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. జర్మనీ వెళ్ళాలన్న ఉద్దేశంతో ద్వారకానగర్‌లో సాయంత్రం తరగతులకు వెళ్ళి జర్మన్ నేర్చుకుంటున్నాను. ఏ1 అనే మొదటి స్థాయి పరీక్షకు ఇంకా ఆరు వారాలు ఉంది. పదం ముందు పుంలింగమైతే ‘డేర్’, స్త్రీలింగమైతే ‘డీ’, నపుంసకమైతే ‘డస్’ అని లింగాలు బట్టీ పట్టాను, క్రియారూపాలు కూడా కొంతవరకు లొంగాయి, కానీ అక్యుజాటివ్ (కర్మకు వచ్చే విభక్తి) దగ్గరకు వచ్చేసరికి నా నోట్సు ఎర్రసిరాతో నిండిపోతోంది. జర్మన్ మాటలను ఇక్కడ తెలుగు లిపిలోనే, నాకు వినిపించినట్టు రాస్తున్నాను. ఉచ్చారణలో తేడాలుంటే మన్నించండి.

మా తరగతిలో చెప్పిన సూత్రం చాలా సులువైనది. తెలుగు వాక్యంలో ‘ని, ను’ వస్తే అక్యుజాటివ్, ‘కి, కు’ వస్తే డేటివ్. ‘నేను ఆ మనిషిని చూస్తున్నాను’ అన్నదానికి ‘ఇష్ జేయె డేన్ మన్’ అని రాస్తే సరిపోయింది. ఆ ధీమాతో పోయిన వారం ఐదు వాక్యాలు రాసుకుని వెళ్తే నాలుగు తప్పని తేలాయి. ‘నేను బల్ల కొంటున్నాను’ అన్నచోట ‘ని’ లేదు కదా అని ‘ఇష్ కౌఫె డేర్ టిష్’ అని రాశాను. ‘డేన్ టిష్’ అని దిద్దారు. ‘నాకు అన్నయ్య ఉన్నాడు’ అన్నదానికి ‘ఇష్ హాబె ఐన్ బ్రూడర్’ అంటే ‘ఐనెన్ బ్రూడర్’ అన్నారు. ‘బీచ్‌కి వెళ్తున్నాను’ అన్నచోట ‘కి’ ఉంది కాబట్టి ‘అన్ డేమ్ ష్ట్రంట్’ అని డేటివ్‌లో పెడితే ‘అన్ డేన్ ష్ట్రంట్’ అని మార్చారు. ‘నీకు ఫోన్ చేస్తాను’ అన్నదానికి నేను రాసిన ‘డీర్’ కొట్టేసి ‘డిష్’ అని రాశారు. చివరిదైన ‘పాపకు సాయం చేస్తున్నాను’ మాత్రం, ‘ఇష్ హెల్ఫె డేమ్ కింట్’ అని, ఒప్పైంది.

ఒక్క వాక్యంలో పనిచేసి నాలుగింటిలో పనిచేయనిదాన్ని సూత్రం అనవచ్చునా? తప్పు సూత్రంలో ఉందా, దాన్ని నేను వాడిన తీరులో ఉందా? అడిగితే ‘ఇవి ఇలాగే గుర్తుపెట్టుకోవాలి’ అన్నారు. గుర్తుపెట్టుకోవడానికి నాకు అభ్యంతరం లేదు గానీ, ఎందుకో తెలిస్తే బండి కాస్త తేలిగ్గా నడుస్తుందని ఆశ.

సిరిపురం_పాఠాలు:

మీ సూత్రం అబద్ధమని కొట్టిపారేయలేం గానీ, రెండు భాషలు రెండు వేర్వేరు విషయాలను పట్టించుకుంటాయన్న సంగతిని అది కప్పిపెడుతోంది. నేను ఇంట్లో కొందరు పిల్లలకు జర్మన్ చెబుతుంటాను. దాదాపు ప్రతి ఒక్కరూ మీరు చేసిన తప్పులే, మీరు చేసిన వరసలోనే చేస్తారు.

ముందుగా బల్ల సంగతి చూద్దాం. తెలుగులో కర్మకు ‘ని, ను’ చేర్చాలా వద్దా అన్నది ముఖ్యంగా ఆ వస్తువుకు ప్రాణం ఉందా లేదా అన్నదాన్ని బట్టి తేలుతుంది. ‘పుస్తకం చదివాను’, ‘కాఫీ తాగాను’, ‘బల్ల కొన్నాను’ అంటాం. ‘పుస్తకాన్ని చదివాను’ అన్నా తప్పు కాదు, అనకపోయినా వినేవారికి లోటు తెలియదు. అదే ‘తమ్ముడు పిలిచాను’ అంటే వాక్యం కుంటుతుంది, ‘తమ్ముణ్ణి’ అని తీరవలసిందే. ప్రాణం లేని వస్తువు ద్వితీయకు బదులు ప్రథమలోనే నిలబడవచ్చునని మన వ్యాకరణాలు కూడా ఒప్పుకున్నాయి. జర్మన్‌కు ఈ ప్రాణం గొడవ లేదు. అది చూసేది లింగాన్ని. కర్మ ఏకవచనంలో ఉన్న పుంలింగ పదమైతే ‘డేర్’ కాస్తా ‘డేన్’ అవుతుంది, ‘ఒక’ అని చెప్పే ‘ఐన్’ అన్నది ‘ఐనెన్’ అవుతుంది, ‘కైన్’ (ఏదీ లేదు), ‘మైన్’ (నా) అన్నవి ‘కైనెన్’, ‘మైనెన్’ అవుతాయి. ఆ మనిషి ఎంత పుంలింగమో బల్ల, కుర్చీ, తాళంచెవి, ఉత్తరం, కాఫీ కూడా ఆ భాషలో అంతే పుంలింగాలు. అందుకే తెలుగు విద్యార్థి మనుషుల దగ్గర ‘డేన్’ సరిగ్గా పెట్టి వస్తువుల దగ్గర మరిచిపోతాడు. తెలివితక్కువై కాదు, వస్తువు దగ్గర అతని చెవికి ‘ని’ వినబడదు కాబట్టి.

దీనివల్ల మీకు కలిసివచ్చేది కూడా ఒకటుంది. స్త్రీలింగంలో ‘డీ’ అలాగే ఉంటుంది, నపుంసకలింగంలో ‘డస్’ అలాగే ఉంటుంది, బహువచనంలో ‘డీ’ అలాగే ఉంటుంది. పరీక్షలో మీ కర్మ పుంలింగ ఏకవచనం కాకపోతే నిశ్చింతగా ముందుకు వెళ్ళిపోండి. సర్వనామాలు మాత్రం వేరే లెక్క: ‘ఇష్’ (నేను)కు ‘మిష్’, ‘డు’ (నువ్వు)కు ‘డిష్’, ‘ఏర్’ (అతను)కు ‘ఈన్’, ‘వీర్’ (మేము)కు ‘ఉన్స్’, ‘ఈర్’ (మీరందరూ)కు ‘ఓయ్ష్’. వీటిని పాటలా వల్లించుకోవడమే మార్గం.

ఇక అన్నయ్య దగ్గరకు వద్దాం. అసలు చిక్కు ఇక్కడే ఉంది, దీన్ని నిదానంగా చదవండి. ‘నాకు అన్నయ్య ఉన్నాడు’ అన్న వాక్యంలో కర్త ఎవరు? అన్నయ్య. అందుకే క్రియ ‘ఉన్నాడు’ అని ఆయనతో కలిసి నడుస్తోంది. అక్క అయితే ‘ఉంది’ అనేవారు. మీరు ‘నాకు’ అని ఒక పక్కన నిలబడ్డారు. జర్మన్‌లో అదే భావాన్ని చెప్పేటప్పుడు కర్త మీరే, క్రియ ‘హాబె’ అని మీతోనే నడుస్తుంది, అన్నయ్య వెళ్ళి కర్మ స్థానంలో కూర్చుంటాడు. బ్రూడర్ పుంలింగం కాబట్టి ‘ఐనెన్ బ్రూడర్’. ‘నాకు కుర్చీ కావాలి’ అన్నది ‘ఇష్ బ్రౌఖె ఐనెన్ ష్టూల్’ అవుతుంది. ‘నాకు ఆ వాక్యం అర్థమైంది’, ‘నాకు టీ ఇష్టం’, ‘నాకు ఒక కాఫీ కావాలి’ అన్నవన్నీ ఇదే బాపతు. తెలుగులో మనం ‘నాకు’తో మొదలుపెట్టే ఇలాంటి వాక్యాల్లో చాలావాటిని జర్మన్ ‘నేను’తో మొదలుపెడుతుంది. అప్పుడు మన దృష్టిలో కర్తగా ఉన్న వస్తువు అక్కడ కర్మ అయిపోతుంది. మీ తరగతి సూత్రం ఈ వాక్యాల్లో మిమ్మల్ని రెండుసార్లు దారి తప్పిస్తుంది: ‘నాకు’ ఉంది కదా అని మిమ్మల్ని డేటివ్‌లోకి లాగుతుంది, వస్తువుకు ‘ని’ లేదు కదా అని దాన్ని మార్చకుండా వదిలేయిస్తుంది.

దీనికి ఒక తేలికైన పరీక్ష చెబుతాను. తెలుగు వాక్యాన్ని పక్కన పెట్టి జర్మన్ క్రియను చూసి, అది ఎవరితో ఏకీభవిస్తోందో అడగండి. దేనితో ఏకీభవిస్తుందో అది నామినేటివ్, అంటే కర్త విభక్తి. ‘ఎస్ గిప్ట్’ అన్న ప్రయోగాన్నే తీసుకోండి. ‘విశాఖపట్నంలో ఓడరేవు ఉంది’ అన్నదాన్ని ‘ఇన్ విశాఖపట్నం గిప్ట్ ఎస్ ఐనెన్ హాఫెన్’ అంటారు. ఓడరేవు ఒకటైనా పది అయినా ‘గిప్ట్’ మారదు, ఎందుకంటే దాని కర్త ‘ఎస్’. కాబట్టి ఓడరేవు కర్మ, హాఫెన్ పుంలింగం, అందువల్ల ‘ఐనెన్’.

అయితే ఇది పట్టుబడ్డాక విద్యార్థులు రెండో అతికి పోయి, కనబడిన ప్రతి పుంలింగానికీ ‘ఐనెన్’ తగిలిస్తారు. ‘ఈయన మా అన్నయ్య’ అన్నచోట కర్మ అనేదే లేదు. అటూ ఇటూ ఉన్నది ఒకే మనిషి. ‘డస్ ఇస్ట్ మైన్ బ్రూడర్’ అనే ఉండాలి.

ఫోన్ సంగతి మాత్రం ఆ క్రియ స్వభావం. ‘అన్‌రూఫెన్’ అంటే మాటకు మాటగా ‘పిలవడం’ వంటిది. మనం ‘నిన్ను పిలుస్తాను’ అంటామే, అలాగన్నమాట. ‘నీకు ఫోన్ చేస్తాను’ అని కాకుండా ‘నిన్ను పిలుస్తాను’ అని అనుకుంటే ‘డిష్’ దానంతటదే వస్తుంది. ‘నిన్ను నమ్ముతున్నాను’ అన్నది దీనికి ఎదురు. అక్కడ తెలుగులో ‘ని’ ఉన్నా జర్మన్‌లో ‘ఇష్ గ్లౌబె డీర్’ అని డేటివ్ వస్తుంది. ఇలాంటి క్రియలు ఎదురైనప్పుడల్లా ఒక చిన్న పుస్తకంలో రాసుకోండి.

గాజువాక_కుర్రాడు (స్టట్‌గార్ట్):

సిరిపురం గారి వివరణ బాగుంది గానీ, ప్రతి వాక్యాన్నీ తెలుగు విభక్తులతో తూచడం నా దృష్టిలో కొంత దండుగ పని. నేను ఇక్కడికి వచ్చి నాలుగేళ్ళయింది. నాకు అక్యుజాటివ్ పట్టుబడింది రొట్టెల దుకాణంలో.

ఉదయం దుకాణంలో నిలబడి ‘ఐనెన్ కఫే, ఐనె బ్రేట్సెల్, ఐన్ వసర్’ అని అడుగుతాం. ఒక్క శ్వాసలో మూడు లింగాలు వచ్చేశాయి. ‘నాకు కావాలి’ అన్న క్రియను నోటితో అనకపోయినా అది వెనుక ఉండనే ఉంది కాబట్టి ఇవి మూడూ అక్యుజాటివ్‌లోనే ఉన్నాయి, కానీ రూపం మారింది మాత్రం కాఫీకే. ‘డేర్ కఫే’ అని బట్టీ పట్టకుండా ‘ఐనెన్ కఫే’ అని పట్టండి. పుంలింగ పదాలన్నింటినీ ‘ఐనెన్’తోనే నేర్చుకుంటే లింగమూ గుర్తుంటుంది, విభక్తీ నోటికి వస్తుంది. ఇక్కడివారు మాటల్లో ఆ ‘ఐనెన్’ను కూడా సగం మింగి ‘నెన్’ అంటారు, అది విని కంగారు పడకండి.

ఇంకొక మాట. మీరు తరగతికి వెళ్ళిన మొదటి రోజే అక్యుజాటివ్ మాట్లాడారు, ఎవరూ చెప్పి ఉండరు. ‘గూటెన్ మొర్గెన్’, ‘గూటెన్ టాక్’, ‘గూటెన్ ఆబెంట్’ అన్నవాటిలో ‘గూటెన్’ చివర ఉన్న ఆ ‘న్’ ఎక్కడిది? ‘మీకు శుభోదయాన్ని కోరుకుంటున్నాను’ అన్న వాక్యానికి అవి తోకలు. ఉదయం, పగలు, సాయంత్రం మూడూ పుంలింగాలు. రాత్రి స్త్రీలింగం కాబట్టి ‘గూటె నఖ్ట్’ అంటారే తప్ప ‘గూటెన్ నఖ్ట్’ అనరు. ‘ఫీలెన్ డంక్’ అన్న కృతజ్ఞతలోనూ ఇదే ‘న్’ ఉంది. డ్యూటీ మారేటప్పుడు ఈ నాలుగు పలకరింపులు మనసులో అనుకుంటే పుంలింగానికీ స్త్రీలింగానికీ ఉన్న తేడా రోజూ ఒకసారి నెమరుకు వస్తుంది.

పాత_పంతులు (సింహాచలం):

గాజువాక అబ్బాయి తూకం దండుగ అన్నాడు గానీ, నేను ఆ మాటకు పూర్తిగా ఒప్పుకోను. నాకు జర్మన్ కొద్దిగానే వచ్చు, సంస్కృతం చాలాకాలం చెప్పాను. అమ్మా, మన రాష్ట్రంలో చాలామంది పిల్లల్లాగే నువ్వు కూడా ఇంటర్మీడియట్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకుని ఉంటే, నీ దగ్గర ఒక తాళంచెవి ఉండి కూడా తలుపు ముందు నిలబడ్డావన్నమాట.

తెలుగు ద్రావిడ భాష కాబట్టి దాని ‘ని, ను’లకూ జర్మన్ ‘డేన్’కూ చుట్టరికం లేదు. సంస్కృతానికి మాత్రం ఉంది. ‘తద్’ శబ్దం పుంలింగంలో ‘సః’ అని మొదలై, ద్వితీయలో ‘తమ్’ అవుతుంది, చతుర్థిలో ‘తస్మై’ అవుతుంది. జర్మన్ ‘డేన్’ ఆ ‘తమ్’కు దాయాది, ‘డేమ్’ ఆ ‘తస్మై’కి దాయాది. నపుంసకంలో ‘తత్’ ప్రథమకూ ద్వితీయకూ ఒకటే, ‘ఫలమ్’ కూడా అంతే. జర్మన్ ‘డస్’ మారకపోవడం ఆ పాత కుటుంబ లక్షణమే. స్త్రీలింగంలో మనకు ‘సా’, ‘తామ్’ అని తేడా ఉంది, జర్మన్ మాత్రం కాలక్రమంలో ఆ తేడాను పోగొట్టుకుని రెండింటికీ ‘డీ’ అంటోంది.

నీ బీచ్ వాక్యానికి కూడా ఇక్కడ ఆధారం దొరుకుతుంది. సంస్కృతంలో ‘గ్రామం గచ్ఛతి’ అంటాం. గమ్యం ద్వితీయలో ఉంటుంది. పాణిని గత్యర్థ ధాతువులకు ద్వితీయనూ చతుర్థినీ రెండింటినీ అనుమతించాడు. తెలుగు ‘కి’ని పట్టుకుంది, జర్మన్ ఈ రకం వాక్యంలో ద్వితీయను పట్టుకుంది. ‘మాసమ్ అధీతే’, అంటే నెలంతా చదువుతున్నాడు, అన్నచోట కాలవాచికి ద్వితీయ వచ్చినట్టే జర్మన్‌లోనూ ‘ఐనెన్ మోనాట్’ అనీ, ప్రతిరోజూ అనడానికి ‘యేడెన్ టాక్’ అనీ వస్తాయని విన్నాను, తప్పైతే దిద్దండి.

ఆ పేరు గురించి కూడా ఒక ముక్క చెప్పనివ్వండి. లాటిన్‌లో ‘అక్యుజాటివ్’ అంటే నేరం మోపే విభక్తి అని అర్థం వస్తుంది. గ్రీకు మూలపదానికి కారణం అన్న అర్థమూ, నేరారోపణ అన్న అర్థమూ రెండూ ఉండగా, రోమన్ పండితులు రెండోదాన్ని పట్టుకున్నారు. ఆ పేరు చూసి అర్థం వెతికితే ఏమీ దొరకదు. ‘కర్తురీప్సితతమం కర్మ’ అన్న మన సూత్రం, కర్త తన క్రియతో అందుకోవాలని అన్నిటికంటే ఎక్కువగా కోరేది కర్మ అని చెప్పడం, నాకు ఎంతో స్పష్టంగా తోస్తుంది.

రాత్రి_డ్యూటీ (విశాఖపట్నం):

అందరికీ కృతజ్ఞతలు. పంతులుగారూ, తొంభై ఏడు మార్కులతో సంస్కృతం పూర్తిచేశాను, ‘తస్మై’ అన్నది నమస్కారం శ్లోకాల్లో తప్ప మళ్ళీ ఎక్కడా గుర్తుకు రాలేదు, సిగ్గుగా ఉంది. సిరిపురం గారు చెప్పిన ‘క్రియ ఎవరితో నడుస్తోంది’ అన్న పరీక్షతో పాత తప్పులన్నీ మళ్ళీ చూశాను. ‘నాకు’ వాక్యాల చిక్కు దాదాపు విడిపోయింది.

బీచ్ విషయంలో మాత్రం ఇంకా సందేహం ఉంది. తరగతిలో ‘ఇన్’ (లో), ‘ఔఫ్’ (మీద), ‘అన్’ (దగ్గర) వంటి తొమ్మిది మాటలు కదలిక ఉంటే అక్యుజాటివ్‌నూ, లేకపోతే డేటివ్‌నూ తీసుకుంటాయని చెప్పారు. అయితే ‘పార్కులో పరుగెత్తుతున్నాను’ అన్నచోట కదలిక ఉన్నా ‘ఇమ్ పార్క్’ (‘ఇన్ డేమ్’ కలిసి ‘ఇమ్’) అని డేటివ్ వచ్చింది. నేను ఆలోచించగా, తెలుగులో ‘లో’, ‘మీద’ అంటే డేటివ్ అనీ, ‘లోకి’, ‘మీదికి’ అంటే అక్యుజాటివ్ అనీ అనిపిస్తోంది. ‘పార్కులో’ అంటే ‘ఇమ్ పార్క్’, ‘పార్కులోకి’ అంటే ‘ఇన్ డేన్ పార్క్’. ఇది నిలుస్తుందా?

సిరిపురం_పాఠాలు:

చాలావరకు నిలుస్తుంది, మీరు సొంతంగా పట్టుకున్నందుకు అభినందనలు. కదలిక ఉందా లేదా అన్నది సరైన ప్రశ్న కాదు; ఒక చోటునుంచి మరో చోటుకు గీత దాటుతున్నామా లేదా అన్నది సరైన ప్రశ్న. ఆర్కే బీచ్‌లో పొద్దున్నే ఐదు కిలోమీటర్లు పరుగెత్తినా మీరు బీచ్‌లోనే ఉన్నారు, కాబట్టి ‘అమ్ ష్ట్రంట్’ (‘అన్ డేమ్’ కలిసి ‘అమ్’). ఇంటినుంచి బయలుదేరి ఇసుక మీద అడుగుపెట్టబోతుంటే ‘అన్ డేన్ ష్ట్రంట్’.

ఒక్క చోట మాత్రం మీ ‘లోకి’ పరీక్ష మోసం చేస్తుంది. ‘కప్పు బల్ల మీద పెడుతున్నాను’ అన్నప్పుడు తెలుగులో ‘మీదికి’ అనం, ‘మీద’ అనే అంటాం. కానీ కప్పు చేతిలోనుంచి బల్ల మీదకు చేరింది కాబట్టి జర్మన్‌లో ‘ఇష్ ష్టెలె డీ టసె ఔఫ్ డేన్ టిష్’ అనాలి. పెట్టడం, ఉంచడం, తగిలించడం, కూర్చోబెట్టడం అన్న క్రియల దగ్గర తెలుగు చెవిని నమ్మవద్దు. పెట్టేసిన తరువాత కప్పు అక్కడ ఉంటే ‘ఔఫ్ డేమ్ టిష్’.

మీరు రాసిన ‘అన్ డేమ్’ బదులు ‘ట్సుమ్ ష్ట్రంట్’ (‘ట్సూ డేమ్’ కలిసి ‘ట్సుమ్’) అని రాసి ఉంటే డేటివ్‌తోనే మార్కు వచ్చేది. ‘ట్సూ’ అన్న మాట వెళ్ళడమైనా ఉండడమైనా ఎప్పుడూ డేటివ్‌నే తీసుకుంటుంది. దానికి ఎదురుగా ‘ఫ్యూర్’ (కోసం), ‘ఓనె’ (లేకుండా), ‘డుర్ష్’ (గుండా), ‘గేగెన్’ (వ్యతిరేకంగా), ‘ఉమ్’ (చుట్టూ) అన్న ఐదూ ఎప్పుడూ అక్యుజాటివ్‌నే తీసుకుంటాయి. అక్కడ ఆలోచించే పనే లేదు. పంతులుగారు చెప్పిన ‘ఐనెన్ మోనాట్’, ‘యేడెన్ టాక్’ రెండూ సరైనవే.

రాత్రి_డ్యూటీ (విశాఖపట్నం):

ఈ రాత్రి వార్డు కాస్త ప్రశాంతంగా ఉండటంతో, చూసిన వాటితోనే ఐదు వాక్యాలు రాశాను. దయచేసి దిద్దండి. ‘నాకు పెన్ను కావాలి’: ఇష్ బ్రౌఖె ఐనెన్ కూలి. ‘నేను తాళంచెవి బల్ల మీద పెడుతున్నాను’: ఇష్ లేగె డేన్ ష్లూసెల్ ఔఫ్ డేన్ టిష్. ‘నేను డాక్టరుగారికి ఫోన్ చేస్తున్నాను’: ఇష్ రూఫె డేన్ ఆర్ట్స్ట్ అన్. ‘వార్డులో ఒక కుర్చీ ఉంది’: ఎస్ గిప్ట్ ఐనెన్ ష్టూల్ ఔఫ్ డేర్ ష్టాట్సియోన్. ‘నేను రోగిని అడుగుతున్నాను’: ఇష్ ఫ్రాగె డేన్ పట్సియెంట్.

గాజువాక_కుర్రాడు (స్టట్‌గార్ట్):

మొదటి నాలుగూ ఒప్పు. నాలుగోదానిలో ‘ఔఫ్ డేర్’ అని స్త్రీలింగ డేటివ్ పెట్టడం చూసి ముచ్చటేసింది. ఐదోదానిలో ‘డేన్’ సరిగ్గానే పెట్టారు, కానీ ‘పట్సియెంట్’ కొన్ని పుంలింగ పదాల గుంపుకు చెందినది. అవి కర్త స్థానం వదిలితే చాలు, తమ చివర కూడా ఒక ‘న్’ తగిలించుకుంటాయి: ‘ఇష్ ఫ్రాగె డేన్ పట్సియెంటెన్’. డేటివ్‌లోనూ ‘డేమ్ పట్సియెంటెన్’ అనే. ‘హెర్’ (అయ్యగారు), ‘కొలేగె’ (సహోద్యోగి), ‘యుంగె’ (అబ్బాయి), ‘ష్టూడెంట్’ (విద్యార్థి) కూడా ఇదే గుంపు. మీ ‘ఆర్ట్స్ట్’ ఈ గుంపులో లేడు, డాక్టరుగారికి ‘డేన్’ ఒక్కటే చాలు. వార్డులో మీరు రోజుకు వందసార్లు అనబోయే మాట కాబట్టి ముందుగా దీన్నే నోటికి పట్టించండి.